మా మరిది పేపరు ఎవరు చదివారు

మా మరిది పోయాడని తోటికోడలు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే వెళ్లిపోయాడట. నేను విస్సన్నపేట చేరేసరికి, చదువుతున్న పేజీకి గుర్తుగా పెట్టిన అతని కళ్లజోడు ఇంకా పుస్తకం మధ్యలోనే ఉంది.

నూజివీడు దగ్గర ఒక కాలేజీలో అతను జంతుశాస్త్రం చెప్పేవాడు. మామిడి పూతను పీల్చేసే తేనెమంచు పురుగు అతని విషయం. పూత లేని నెలల్లో అవి బెరడు పగుళ్లలో, అదీ ఉత్తరం వైపే దాక్కుంటాయని పేపరు రాశాడు. ఒక జర్నల్ అచ్చు వేసింది. ప్రొఫెసర్ కావాలంటే ఆ పేపరును ఇతరులు తమ పేపర్లలో ప్రస్తావించాలి. దాన్ని సైటేషన్ అంటారు.

నేను స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. దేన్నీ సగం అర్థం చేసుకుని ఊరుకోలేను. నా ప్రశ్నలకు మనవరాళ్లు పారిపోతారు, అతను కుర్చీ జరుపుకుని కూర్చునేవాడు.

"ఇవన్నీ ఎవరు చదువుతారయ్యా?"

"రాసినవాళ్లు చదువుతారు వదినగారూ. అదీ కొందరే."

"మరి అచ్చు వేసే ముందు చూసేవాళ్లో?"

"వాళ్లు పేరు చెప్పరండీ. మొన్న ఒకాయన, ఫలానా నాలుగు పేపర్లు కూడా ప్రస్తావించమన్నాడు. నాలుగూ ఒక్కరు రాసినవే. పేరు తెలిసిపోయింది."

కాలేజీలో సైటేషన్లు పెళ్లి చదివింపుల్లా నడిచేవి. ఎవరు పెట్టారో గుర్తుంచుకుని తిరిగి పెట్టాలి. మరిది మాత్రం చదివాకే పెడతాననేవాడు. అందుకే అతనికి ఎవరూ పెట్టలేదు.

ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి కొద్ది రోజుల ముందు ఒక సైటేషన్ వచ్చింది. ఎక్కడో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి అతని పేపరును ప్రస్తావించి, అది తప్పని రాసింది. పురుగులు అన్ని వైపులా ఉంటాయట. మరిది వెలిగిపోతున్న ముఖంతో మా ఇంటికి వచ్చాడు.

"తప్పని చెప్పాలంటే మొత్తం చదవాలి కదండీ."

ఇద్దరం అతని మామిడితోటకు వెళ్లి చూశాం. పేపరు రాసేటప్పుడు ఇంటికి దగ్గరని అతను పశువుల పాక పక్కనున్న వరసలోనే చెట్లు పరిశీలించాడు. అక్కడ గేదెలు ఒళ్లు రుద్దుకుని రుద్దుకుని పాక ఉన్న దక్షిణం వైపు బెరడును నున్నగా చేసేశాయి. పగుళ్లే లేనిచోట పురుగులెలా ఉంటాయి?

"అయితే ఈ పరిశోధన గేదెది" అన్నాను.

"అవునండీ. దాని పేరు వేయకపోవడం నా తప్పే."

తప్పని చెప్పిన సైటేషన్ కూడా లెక్కలోకి వస్తుంది. ఇంటర్వ్యూ అయ్యేదాకా నోరు మెదపవద్దని తోటికోడలు బతిమాలింది. మరిది ఆ సాయంత్రమే పేపరు వెనక్కి తీసుకుంటున్నానని జర్నల్‌కు రాశాడు. ప్రొఫెసర్ కాకుండానే రిటైరయ్యాడు.

"ఆ పిల్ల ఒక్క ఏడాది ఆగి రాస్తే ఏం పోయేది?" అని తోటికోడలు అంటూనే ఉండేది.

"పురుగు ఆగదుగా" అనేవాడు.

మొన్న మరిది జ్ఞాపకంగా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు ఆ అమ్మాయి వచ్చింది, నూజివీడులో బస్సు దిగి ఆటోలో. ఎవరో తెలియగానే తోటికోడలు ముఖం తిప్పుకుంది. ప్రార్థన అయ్యాక అమ్మాయి ఆమె దగ్గరికి వెళ్లి, "సారు చూసిన చెట్లు చూపిస్తారా అండీ?" అని అడిగింది.

"ఇంకా ఏం తప్పు మిగిలింది?"

"తప్పు కాదండీ. ఒక పురుగు ప్రతి ఏడూ అదే పగులు వెతుక్కుని వస్తుందేమోనని సారు పేపరు చివర్లో రాశారు. అది ఎవరూ చూడలేదు. నిజమేమోననిపిస్తోంది."

తోటికోడలు చెప్పులేసుకుంది.

నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి భూతద్దంతో చెట్టు మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. తోటికోడలు తెల్లచీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, పక్కనే వంగి, ఫోన్ లైటు పగులులోకి పట్టుకుంది. ఇద్దరి తలలూ దాదాపు ఆనుకున్నాయి.

"కదలకు," అంటోంది తోటికోడలు. "అదుగో, అక్కడ."