మ్యూటెంట్లు ఇంటికొచ్చారు

"వాళ్ళు ఇంటికొచ్చేశారు వదినా!" అని మా మరిది ఎడిన్‌బర్గ్ నుంచి మెసేజ్ పెట్టినప్పుడు నేను స్విండన్‌లో పాప స్కూల్ గేటు ముందు వానలో నిలబడి ఉన్నాను. ఎవరు వచ్చారు, ఎవరింటికి వచ్చారు? అత్తగారూ మామగారూ చెప్పకుండా విమానం ఎక్కేశారా? ఇంట్లో పాలు కూడా లేవే! నాకు ఏ వార్త విన్నా ముందు కంగారు, తర్వాతే అర్థం. ఇంకో మెసేజ్ వచ్చాక గాని ఊపిరి ఆడలేదు. రెండు సినిమా కంపెనీలు ఒకటైపోయాయట. ఇన్నాళ్ళూ వేరే కంపెనీ చేతిలో ఉన్న మ్యూటెంట్ వీరులు, అంటే పుట్టుకతోనే ఒంట్లో ఏదో తేడా ఉన్నవాళ్ళు, ఇక మిగతా వీరులతో ఒకే లోకంలో, ఒకే సినిమాల వరసలో కనిపిస్తారట. ఫోన్ జేబులో పెట్టేసరికి పాప పరిగెత్తుకుంటూ వచ్చింది. కుడిచేతిలో పుస్తకాల సంచీ, ఎడమచెయ్యి కోటు జేబులో. ఈ మధ్య ఆ చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉంటోంది.

మరిది అంటే మావారి బాబాయి కొడుకు. పాప పుట్టిన ఏడాది లీసెస్టర్‌లో మాస్టర్స్ చదువుతూ ఒక టేకవే హోటల్లో పనిచేసేవాడు. డ్యూటీల రోటాలో శని ఆదివారాలు ఖాళీ దొరికితే చాలు, మాసిన బట్టల మూటతో, సంచీ నిండా బొమ్మల పుస్తకాలతో కోచ్ బస్సు ఎక్కి మా ఇంటికి వచ్చేవాడు. బట్టలు మెషిన్‌లో పడేసి, వంటింట్లో స్టూల్ మీద కూర్చుని, నేను పప్పుచారు పోపు పెడుతుంటే ఆ వీరుల సంగతులు చెప్పేవాడు. నేను బీఎస్సీ మైక్రోబయాలజీ. ఎగిరే మనుషులూ, కళ్ళతో గోడలు కాల్చే మనుషులూ నాకెందుకు? అయినా వినేదాన్ని. పసిపాపతో నాలుగు గోడల మధ్య ఉన్నదానికి తెలుగులో ఎవరు ఏం చెప్పినా కచేరీలాగే ఉంటుంది. అతని లెక్కలో ఆ వీరులంతా ఒకే ఇంటి పిల్లలు. పుస్తకాల్లో కలిసే పెరిగారు. ఇంటాయన, అంటే ఆ పుస్తకాలు వేసే కంపెనీ, చేతులు ఖాళీ అయిన రోజుల్లో కొందరిని ఒక సినిమా కంపెనీకి, మ్యూటెంట్లను ఇంకోదానికి దత్తత ఇచ్చేశాడు. ఇప్పుడు ఇంట్లో మిగిలినవాళ్ళంతా కలిసి సినిమాలు చేసుకుంటుంటే, దత్తత వెళ్ళిన పిల్లల పేరు కూడా ఆ ఇంట్లో ఎత్తకూడదు. ఇది చెప్పేటప్పుడు అతని గొంతు నిజంగానే గాద్గదికమయ్యేది. నేను వాషింగ్ మెషిన్ వైపు చూసి నవ్వు దాచుకునేదాన్ని.

పాప ఎడమచేతికి ఆరు వేళ్ళు. చిటికెన వేలి పక్కన ఇంకో బుల్లి వేలు, దాని కొసన బియ్యపు గింజంత గోరు. పుట్టిన రోజున నర్సు ఎంతో ముద్దుగా చెప్పింది, కవలలు పుట్టారన్నంత సంబరంగా. మావారు రెండుసార్లు లెక్కపెట్టి కుర్చీలో కూలబడ్డారు. అత్తగారికి ఫోన్ చేస్తే, "ఆరు వేళ్ళా! మా వైపు ఎవరికీ లేవే?" అన్నారు. ఆ మాట వచ్చి నేరుగా నా వైపున వాలింది. మళ్ళీ ఆవిడే, "అదృష్టమేలే అమ్మా, లక్ష్మీదేవి. ఎవరికీ చూపించకు" అన్నారు. లక్ష్మీదేవి అయితే దాచడమెందుకో అడిగే ధైర్యం నాకు లేదు. ఆ వేలిలో చిన్న ఎముక ఉందనీ, ఏడాది వయసప్పుడు ఆపరేషన్ చేసి తీసేయవచ్చనీ, ఉంచినా ప్రమాదం లేదనీ ఇక్కడి డాక్టరు చెప్పింది. చివర్లో "మీ ఇష్టం" అంది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ మాటే. చదువు, పెళ్ళి, ఈ దేశం, ఏదీ నా ఇష్టానికి ఎవరూ వదల్లేదు. తీరా వదిలింది ఇది.

గోళ్ళతో గీరుకోకుండా ఇక్కడ పసివాళ్ళకు మెత్తటి చేతి తొడుగులు వేస్తారు. నెలా రెండు నెలలైతే తీసేస్తారు. నేను తియ్యలేదు. రంగురంగులవి అరడజను కొన్నాను, గౌనుకు తగ్గవి. పసిపిల్లల్ని ఇంటికొచ్చి చూసే నర్సు, హెల్త్ విజిటర్, ఎంతో నెమ్మదిగా, పిల్లలు చేతులతోనే లోకాన్ని తెలుసుకుంటారని చెప్పింది. తల ఊపి, ఆమె గేటు దాటగానే మళ్ళీ తొడిగాను. ఉగాదికి తెలుగువాళ్ళంతా కలిసే హాల్లో ఒక ఆంటీ, "ఇదేంటమ్మా, ఇంత ఉక్కలో పిల్లకి గ్లవ్సు? హీటర్ వేసే ఉందిగా!" అంటూ తొడుగు పట్టుకుని లాగబోయింది. పులిహోర పళ్ళెం అక్కడే వదిలేసి పాపను ఎత్తుకుని కార్లోకి వెళ్ళిపోయాను. మావారు వచ్చేసరికి బెల్టు కూడా పెట్టేసుకున్నాను. ఆపరేషన్‌కు సరే అని ఫోన్ చేసేయాలని ఇంటికెళ్ళే దారిలోనే అనుకున్నాను.

ఆ సాయంత్రం మరిది మా ఇంట్లోనే ఉన్నాడు. మావారు మనసు మళ్ళించుకోవడానికి కాబోలు, అన్నాల దగ్గర అతన్ని గిల్లారు. "సరే, రేపు మీ మ్యూటెంట్లు మిగతా వీరుల సినిమాల్లోకి వచ్చారనుకో. ఇన్నాళ్ళూ ఆ సినిమాల్లో ఊళ్ళు కూలిపోయినప్పుడు, ఆకాశం ఊడిపడినప్పుడు ఎక్కడున్నార్రా? ట్రైన్ లేటయిందా?"

"అదే అన్నయ్యా అసలు చిక్కు!" అని మరిది ముద్ద చేతిలోనే ఉంచుకుని మొదలుపెట్టాడు. ఆకాశానికి చిల్లు పడి వేరే లోకం నుంచి రావచ్చట. లేదా అసలు మ్యూటెంట్లన్నవాళ్ళు ఇప్పటినుంచే పుట్టడం మొదలైందని చెప్పవచ్చట. "కానీ నాకు నచ్చింది ఇంకోటి ఉంది. వాళ్ళు ఎక్కడినుంచీ రారు. ముందునుంచీ ఇక్కడే ఉన్నారు. మన పక్కింట్లో, మన బస్సులో. బయటపడలేదంతే." అంటూ ఉయ్యాల వైపు చూసి, "కదూ, మా బుల్లి మ్యూటెంటూ?" అన్నాడు.

"ఇంకోసారి ఆ మాటంటే ఈ ఇంట్లో నీకు అన్నం పెట్టను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మావారు గరిటె కింద పెట్టారు.

మరిది ఎడమచెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇక్కడ చూడండి వదినా" అన్నాడు. చిటికెన వేలి పక్కన, అరచేతి అంచున, తెల్లటి చిన్న మచ్చ. ఎన్నో వారాలుగా ఆ చేత్తోనే నా చేతిలోంచి కంచం అందుకున్నాడు. నేనెప్పుడూ చూడలేదు. "నాకూ ఉండేదట. నెలల పిల్లాడినప్పుడు కాకినాడలో తీయించేశారు. పెద్దమ్మే దగ్గరుండి తీయించింది."

పెద్దమ్మ అంటే మా అత్తగారు. మావారికి పొలమారింది. "మా అమ్మకి తెలుసా?"

"తెలియకపోవడమేంటి అన్నయ్యా, డాక్టర్ని కుదిర్చిందే ఆవిడ! ఎవరికీ చెప్పొద్దని మా అమ్మ దగ్గర ఒట్టేయించుకుంది కూడా."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నొప్పి గుర్తుందా అని అడిగాను. "ఏం గుర్తుండదు వదినా. తప్పేం చేశారనీ అనను. నన్నడగలేదు, అంతే. ఒక్కోసారి అక్కడ దురద పెడుతుంది. లేని వేలికి దురదేంటో!" అని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. ఆ రాత్రి పాప చేతి తొడుగులు తీసి అల్మరాలో పడేశాను. సోమవారం ఆసుపత్రికి ఫోన్ చేసి, పాప తనే చెప్పగలిగే వయసు వచ్చాక చూస్తామన్నాను. అత్తగారి దగ్గర మాత్రం ఆ మచ్చ మాట ఎవరమూ ఎత్తలేదు. ఆవిడా ఆ తర్వాత వైపుల గురించి మాట్లాడలేదు. మాకు తెలిసిపోయిందని ఆవిడకీ ఎలాగో తెలిసే ఉంటుంది.

తనే చెప్పే వయసు అంత తొందరగా వస్తుందనుకోలేదు. మొన్న చలికాలం స్కూల్లో పిల్లలంతా చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే, పక్కనున్న అమ్మాయి పాప ఎడమచెయ్యి పట్టుకోనందట. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, "మమ్మీ, కెన్ దే టేక్ ఇట్ ఆఫ్?" అంది, జుట్టుకు పెట్టిన క్లిప్పు గురించి అడిగినంత మామూలుగా. మా పేట డాక్టరు జీపీ దగ్గరికి వెళ్ళాం, అక్కడినుంచి ఆసుపత్రికి. ఈ బుధవారం సర్జన్‌ను కలవాలి. అప్పటినుంచి నాకు కుదురు లేదు. తాళం వేసిన తలుపు మళ్ళీ వెళ్ళి లాగి చూస్తాను. పొయ్యి మీద పెట్టిన అన్నం మాడుస్తాను. అడిగి చేయాలనే కదా ఇన్నేళ్ళు ఆగాం, ఇప్పుడు అది అడిగింది. ఇంకేం కావాలి? కానీ అడిగింది పాపా, చెయ్యి పట్టుకోని ఆ పిల్లా?

ఈ ఉదయం మరిది వీడియోలో వచ్చాడు. సంబరం ఇంకా తగ్గలేదు. ఇప్పుడు అతనిది బ్యాంకులో పెద్ద ఉద్యోగం, నుదురు కాస్త పైకి వెళ్ళింది, వెనక గోడ నిండా మాత్రం అవే బొమ్మలు. ఆ వీరులు ఎలా రావాలో పాపకు మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. ఆకాశానికి చిల్లు అన్నప్పుడు పాప ఆవులించింది. ముందునుంచీ ఇక్కడే ఉన్నారన్నప్పుడు దగ్గరికి జరిగింది. "బట్ వేర్ వర్ దేర్ హ్యాండ్స్, బాబాయ్? ఇన్ దేర్ పాకెట్స్?"

"అంతే అయ్యుంటుంది తల్లీ" అంటూ అతను తన చెయ్యి తెరకు దగ్గరగా పెట్టాడు. పాప ఆ మచ్చను చాలాసేపు చూసింది. "డు యూ మిస్ ఇట్?" అంది. "తెలీదురా. దాన్ని నేను ఎప్పుడూ కలవలేదుగా" అన్నాడు మరిది. నేను ఇస్త్రీపెట్టె ఆపేసి నిలబడ్డాను. బుధవారం సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే నా భయం దానికి అంటుకుంటుందేమోనని ఆగాను. పాప తన ఎడమచెయ్యి పైకెత్తి, వేళ్ళన్నీ చాపి తెరకు చూపించింది.

"బాబాయ్, ఐ యామ్ సిక్స్. లుక్, వన్ హ్యాండ్! సిక్స్ చూపించాలంటే మా క్లాసులో అందరికీ టూ కావాలి." తర్వాత నా వైపు తిరిగింది. "నాట్ నౌ, మమ్మీ. ఏడేళ్ళు వచ్చాక అడుగు."

మావారు నవ్వారు. మరిది చప్పట్లు కొట్టాడు. సోమవారం ఫోన్ చేసి బుధవారం రావడం లేదని చెప్పాలి. మ్యూటెంట్ల సినిమాకు ఇంకా చాలా ఏళ్ళు పడుతుందట. మరిది ఎన్నేళ్ళయినా ఆగుతానంటున్నాడు. ఆగడం నాకు చేతకాదు, అయినా ఆగుతాను. ఈ రాత్రి పాప నిద్రలో ఎడమచెయ్యి దుప్పటి బయట పడేసుకుంది. ఈ ఒక్క ఏడాదికీ దాని వయసు దాని ఒక్క చేతిలో సరిగ్గా సరిపోయింది.