రక్తం ఎక్కువైన మొనగాడు

నేను కారు నడపడం నేర్పుతాను. అంటే, నన్ను చంపడానికి జనం ఫీజు కట్టి మరీ వచ్చి నా పక్కన స్టీరింగ్ పట్టుకుంటారు. ఆ భయం తీరడానికి పాఠం అవగానే ఒక సిగరెట్. పాఠాల్లేని రోజున, అలవాటు తప్పకూడదని ఇంకా ఎక్కువ.

మా ఆవిడ నీరసంగా ఉంటోందని రెండు బస్‌స్టాపుల అవతలున్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. నాకూ తలనొప్పి అన్న పాపానికి ఇద్దరికీ రక్తపరీక్ష రాసింది. మా ఆవిడకు హిమోగ్లోబిన్ తొమ్మిది. నాకు పద్దెనిమిది దాటింది! చదువుకునే రోజుల్లో అన్నీ అత్తెసరు మార్కులే నావి. ఛాతీ విరుచుకుని బావమరిదికి ఫోన్ చేశాను.

"మీ అక్కకు తక్కువైన రక్తమంతా నా దగ్గరే ఉందిరా!"

"మా ఆయన నా రక్తం తాగేస్తున్నాడని అక్క ఊరికే అనలేదన్నమాట బావా!" అన్నాడు వాడు.

రిపోర్టులు చూసిన డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. మా ఆవిడకు ఐరన్ మాత్రలు రాసిచ్చి, నా వైపు తిరిగింది.

"రక్తం మరీ చిక్కబడితే గడ్డలు కట్టొచ్చండీ."

నా మొనగాడితనం అక్కడికక్కడే నీరుగారిపోయింది. "ఇవాళే పెద్దాసుపత్రికి పంపించెయ్యండమ్మా!" అన్నాను.

"కాస్త ఆగండి. రక్తం జబ్బు గుర్తులేమైనా ఉన్నాయేమో చూద్దాం." పొట్ట ఎడమ పక్క నొక్కి చూసింది. వేలికి ఆక్సిజన్ క్లిప్పు తగిలించింది. వేడినీళ్ళ స్నానం తర్వాత దురద పుడుతుందా అని అడిగింది. లేదన్నాను.

"గురక పెడతారా?"

"అబ్బే!"

"మోటారు ఆపమని పక్కింటివాళ్ళు కబురు పెట్టారు డాక్టరుగారూ," అంది మా ఆవిడ.

డాక్టరమ్మ నా జేబులోని సిగరెట్ పెట్టె వైపు చూసింది. "సిగరెట్ పొగ రక్తంలో ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒళ్ళు రక్తాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. ముందు అది మానండి, నీళ్ళు బాగా తాగండి. రెండు నెలలకు మళ్ళీ చూద్దాం. అప్పటికీ దిగకపోతే రక్తం జబ్బుల డాక్టరుకు నేనే రాసిస్తాను. ఈలోగా గుండెనొప్పి వచ్చినా, మాట తడబడినా క్షణం ఆగొద్దు."

మానడమంటే మాటలా? రివర్స్ గేర్ నేర్పుతూ ఎంత కేకలేశానంటే, "సార్, మీరెళ్ళి ఒకటి కాల్చుకు రండి, నేనిక్కడే ఉంటాను," అని ఒకావిడ చేతులు జోడించింది. కాల్చలేదు. దూరంగా వెళ్ళి సీసాడు నీళ్ళు తాగొచ్చాను.

రెండు నెలలకు మళ్ళీ పరీక్ష చేయిస్తే నాకు పదహారు, మా ఆవిడకు పదకొండున్నర. తలనొప్పి కూడా పోయింది. "పెద్ద డాక్టరు అక్కర్లేదు. గురక సంగతి మాత్రం తేల్చుకుందాం, నిద్రలో ఊపిరి ఆగుతున్నా రక్తం పెరుగుతుంది," అంది డాక్టరమ్మ.

పాపం నీరసం మనిషి కదా అని, మెట్ల దగ్గర మా ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. ఆవిడ ఎప్పుడో కిందికి దిగిపోయి వీధిలోంచి కేకేస్తోంది: "త్వరగా రండీ, బస్సొచ్చేస్తోంది!"