నా కొట్టివేత

ముప్పై ఏళ్ళు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో పెళ్ళిళ్ళు నమోదు చేసినవాణ్ణి. ముందూ వెనకా చూడకుండా సంతకాలు పెట్టేవాళ్ళను కసురుకోవడం నా ఉద్యోగంలో సగం. అలాంటి నేను అమెరికాలో, అరోరా ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, గుడి భోజనాల హాల్లో సరిగ్గా ఆ పనే చేశాను.

కాగితం తెచ్చినాయన గుడి కమిటీ పెద్ద. ఆడవాళ్ళు ఆడవాళ్ళనీ, మగవాళ్ళు మగవాళ్ళనీ పెళ్ళాడే చట్టం రాకూడదని చర్చిల వాళ్ళు అర్జీ పెడుతున్నారట. మనమూ చేయి కలిపితే వాషింగ్టన్ దాకా మన మాట చెల్లుతుందట. ధర్మం కోసమండీ అన్నాడు. పెట్టేశాను.

ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. అమ్మాయి తింటున్న ప్లేటు పక్కన పెట్టేసింది. తనతోపాటు ఆ ఇంట్లో ఉంటూ, రోజూ నాకు చక్కెర లేని కాఫీ కలిపిచ్చే స్నేహితురాలు లేచి లోపలికి వెళ్ళిపోయింది.

"ఆ లా వస్తే మేమిద్దరం పెళ్ళి చేసుకుందామని వెయిట్ చేస్తున్నాం నాన్నా. మీరేమో నా పెళ్ళి ఆపమని సైన్ చేసొచ్చారు."

ముందు దాని మీద కోపం వచ్చింది. రెండ్రోజులు నా కాఫీ నేనే కలుపుకున్నాను. మూడోరోజుకి ఆ కోపం నా మీదకే తిరిగింది. నా రిజిస్టర్లలో ఏ దేవుడూ వచ్చి సంతకం పెట్టలేదే! ఇద్దరు మనుషులు, ముగ్గురు సాక్షులు, అంతే. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని ఓట్లు ఏరుకునేవాళ్ళకు నా కూతురి పెళ్ళితో ఏం పని?

ఆదివారం ఇద్దరినీ వెంటబెట్టుకుని గుడికి వెళ్ళాను. సంతకాలు ఇంకా పెట్టిస్తూనే ఉన్నారు. నా సంతకం ఉన్న కాగితం ఇమ్మన్నాను. పెట్టింది వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు కమిటీ పెద్ద.

"కొట్టివేత ఎలా చెల్లుతుందో నాకు తెలుసులెండి. మీరు ఆపుతున్నది మా అమ్మాయి పెళ్ళి" అన్నాను, అందరికీ వినబడేలా.

పేరు మీద గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం చేసి, తేదీ వేశాను. పులిహోర వడ్డిస్తున్నావిడ గరిటె దించి పెన్ను అడిగింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. నా ఉద్యోగమంతటిలో అంత ఇష్టంగా ఎవరికీ పెన్ను ఇవ్వలేదు.

చట్టం వచ్చింది. మరుసటి వేసవిలో కోర్టులో జడ్జిగారు వాళ్ళ పెళ్ళి చేశారు. నేను బాహాటంగా ఏడ్చాను. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాను. ఇక్కడ సాక్షులు అక్కర్లేదన్నారు. ఇదేం పద్ధతని సణుక్కున్నాను.

అమ్మాయి ఆ పెన్ను తీసుకుని మళ్ళీ నా జేబుకు తగిలించింది.

"మీరు ఆల్రెడీ పెట్టేశారు కదా నాన్నా, గుడిలో."