రీడ్ నోట్లో పెట్టుకున్న మా బావ

మా బావ కట్టుడు పళ్లు చేస్తాడు. ఇంటి ముందుగదే ఆయన పనిగది. దంతవైద్యుడి దగ్గర్నుంచి ఎవరెవరివో నోటి అచ్చులు వస్తాయి. బావ వాటిలో సుద్దపిండి కలిపి పోసి, గట్టిపడ్డాక ఊడదీసి, మైనంతో చిగుళ్లు కట్టి ఒక్కో పన్నూ నాటతాడు. ఆ గదిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అరల నిండా ఇకిలిస్తున్న దవడల్ని చూసి ఉలిక్కిపడతారు. నేను పై వాటాలోనే ఉంటాను గనక నాకు అలవాటే. వాటిలో కొన్నిటికి మా చుట్టాల పేర్లు కూడా పెట్టాను.

ఇంతమందికి నోరిచ్చే మనిషికి సొంత నోరు మాత్రం లేదు. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. అడిగినదానికి కూడా జవాబు చెప్పకుండా నవ్వుతాడు. ఆ లోటు తీర్చడానికే దేవుడు మా అక్కను పుట్టించాడని నా నమ్మకం. అక్క వంటింట్లోంచి ‘ఏమండీ’ అని పిలిస్తే అందులో వరసలుంటాయి. మొదటి పిలుపు మామూలుగా కిందికి దిగుతుంది. రెండోది ‘డీ’ దగ్గర సాగుతుంది. మూడోది ‘ఏమండోయ్’ అని పైకి లేచి ఠక్కున తెగుతుంది. దానికీ పలక్కపోతే అక్కే స్వయంగా వస్తుంది. అంతదాకా తెచ్చుకోకపోవడం మంచిది.

అలాంటి మనిషి నడివయసులో ఉన్నట్టుండి ఒక పాత శాక్సఫోన్ కొనుక్కొచ్చాడు. ఎందుకని అక్క అడిగింది. నవ్వాడు.

రోజూ పని అయ్యాక పడగ్గదిలో సాధన. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకూడదని బట్టల బీరువా తలుపులు బార్లా తీసి, వేలాడుతున్న కోట్లకు ఎదురుగా నిలబడి ఊదేవాడు. శబ్దాన్ని ఉన్ని బట్టలు తాగేస్తాయట. ముందు ఒక్క స్వరం పట్టుకుని ఊపిరి ఉన్నంతసేపూ వణక్కుండా సాగదీయాలి. తర్వాత టిక్కు టిక్కుమనే యంత్రం పెట్టుకుని కిందినుంచి పైకి, పైనుంచి కిందికి స్వరాల మెట్లెక్కి దిగాలి. తప్పితే మళ్లీ మొదటికి. అన్నిటికంటే కష్టం అట్టడుగు స్వరాన్ని మెల్లగా పలికించడమట. గట్టిగా అరవడం ఎవరికైనా వస్తుంది, మెల్లగా చెప్పడమే రాదు అన్నాడోసారి. అక్క ఆ మాట తనకే అనుకుని ఆ పూటంతా ముభావంగా ఉంది.

అక్క అసలు కోపం శాక్సఫోన్ మీద కాదు, రీడ్ మీద. రీడ్ అంటే మౌత్‌పీస్‌కు బిగించే పల్చటి రెల్లు చెక్క. ఊదే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని నానబెట్టాలి. అది నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడటం కుదరదు. బావకు ఇంతకంటే ఏం కావాలి? అక్క మా తమ్ముడి సంగతెత్తినా, కారుతున్న కుళాయి ఊసెత్తినా రీడ్ నోట్లోకి వెళ్లిపోయేది. “మీ బావ నాకు సవతిని తెచ్చినా బాగుండేది, కనీసం దానితో మాట్లాడేదాన్ని” అనేది అక్క నాతో.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక కుర్చీల మరమ్మతు షెడ్డులో బావతో కలిపి నలుగురు జాజ్ వాయించేవాళ్లు. పెద్ద దిక్కు పియానో మాస్టారు. బడిలో సంగీతం చెప్పి మానేసిన మనిషి. నేనూ అప్పుడప్పుడూ వెళ్లి ఏ కుర్చీకి కాళ్లు గట్టిగా ఉన్నాయో చూసుకుని కూర్చునేదాన్ని. ముందు పాటను అందరూ కలిసి వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరికీ వంతు. వంతు వచ్చినవాళ్లు పాట దారి వదలకుండా అప్పటికప్పుడు తోచింది వాయించాలి. చిక్కల్లా అక్కడే. బావకు అప్పటికప్పుడు ఏదీ తోచదు. అందుకని తన వంతుకు కావలసింది ఇంట్లోనే తయారుచేసి, కోట్ల ముందు వల్లెవేసి, అక్కడ ఒప్పజెప్పి వచ్చేవాడు. ఒక్క స్వరం అటూ ఇటూ పోయేది కాదు.

ఒక ఆదివారం మాస్టారు పియానో మూతేసి మెల్లగా అన్నాడు. “చాలా శుభ్రంగా వాయిస్తారండీ మీరు. కానీ పోయిన వారం కూడా అచ్చు ఇదే విన్నాం. అచ్చు తీయడం మీ పనిగదిలో ఉంచుకోండి. ఇక్కడ చిన్నదైనా సరే, మీది ఒక్కటి మొలవనివ్వండి.”

బావ రీడ్ నోట్లో పెట్టుకున్నాడు.

అది మొలిచేలోపే ఉన్న పళ్లు కదిలాయి. దీపం కిందే చీకటన్నట్టు, ఊరందరి పళ్లూ చూసుకునే మనిషి తన చిగుళ్ల సంగతి పట్టించుకోలేదు. ముందుపళ్లు నాలుగూ తీసేయాలన్నాడు డాక్టరు. శాక్సఫోన్ ఊదేవాళ్లు పైపళ్లు మౌత్‌పీస్ మీద ఆనించి పట్టాలి. ఆ పట్టు మారితే ఏళ్ల సాధనా గాలిలో కలిసినట్టే. బావ అన్నం సరిగా తినలేదు. నేను ధైర్యం చెప్పబోతే ఎన్నడూ లేనిది నోరు విప్పాడు. “పళ్లు పోతే చేసుకుంటానమ్మాయ్, అది నా పనే. నా శబ్దం పోతే ఎక్కడ చేసుకోను?”

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన్ని ఏడిపించడమే తప్ప ఓదార్చడం నాకు చాతకాదు. వెళ్లి, కారుతున్న ఆ కుళాయి బాగుచేశాను.

తన పళ్లు తనే చేసుకున్నాడు. అక్కడే పొరపాటు జరిగింది. బావ ముందుపళ్లలో ఒకటి పక్కదానికంటే కాస్త కిందికి దిగి, అడ్డం తిరిగి ఉండేది. ఎవరి వంకరలైనా సరిచేసే చెయ్యి కదా, ఊరుకోలేకపోయింది. ముత్యాల్లాంటి వరస పేర్చుకున్నాడు. చూసినవాళ్లంతా పదేళ్లు తగ్గారన్నారు. అక్క మాత్రం ఎవరో పరాయివాడు నవ్వినట్టుందని మొహం తిప్పుకుంది.

శాక్సఫోన్ కూడా అక్క మాటే అంది. ఏళ్ల తరబడి మౌత్‌పీస్ ఆ దిగిన పన్ను మీదే ఆనుకుంది. ఇప్పుడది జారిపోతోంది. ఊదితే కీచుమంటోంది, లేదా ఉత్త గాలి. కొన్నాళ్లు తంటాలు పడి బావ శాక్సఫోన్‌ను పెట్టెలో పెట్టేసి బీరువా తలుపులు మూశాడు. షెడ్డుకు వెళ్లడం మానేశాడు. ఇల్లు మూగబోయింది. రోజూ సాయంత్రం అక్క ఆ తలుపులు తీసి పెట్టేది. బట్టలకు గాలి తగలాలనేది. పడుకోబోయే ముందు బావ మూసేవాడు. మర్నాడు అక్క మళ్లీ తీసేది. ఇన్నాళ్లూ ఆ ఊదుడు ఎప్పుడాగుతుందా అని సణిగిన మనిషి.

చివరికి ఒక పొద్దున అక్క వంటింటి అర మీదున్న దవడను తీసుకుని పనిగదిలోకి వెళ్లింది. అది బావ పని నేర్చుకునే రోజుల్లో తన నోటికే అచ్చు తీసుకుని చేసింది. పెళ్లయిన కొత్తలో అక్కకు కానుకగా ఇచ్చాడు. ఇలాంటి కానుక ఇచ్చిన మొగుణ్ణి ఇంకొకణ్ణి నేను చూడలేదు. అక్క దాని దిగిన పన్నుకు ఇంటి తాళంచెవి తగిలిస్తుంది. తాళంచెవి తీసి, దవడను ఆయన ముందు పెట్టింది.

“అందరి పళ్లూ తీర్చిదిద్దండి, నేను వద్దనను. ఇవి మాత్రం ఉన్నవి ఉన్నట్టు చెయ్యండి. ఇన్నేళ్లూ ఆ వంకర పంటితోనే కాపురం చేశాను.”

బావ దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ వారమంతా మళ్లీ మైనం కరిగింది. చిగుళ్లు ఇప్పటివి, వరస అప్పటిది. పెట్టుకున్న సాయంత్రమే బీరువా ముందు నిలబడి అట్టడుగు స్వరాన్ని మెల్లగా పట్టాడు. వణికింది గానీ పలికింది. అక్క వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ ఆదివారం షెడ్డుకు అక్క కూడా వచ్చింది, మొట్టమొదటిసారి. నాకు తోడుగా వస్తున్నానంది. నాకెప్పుడూ తోడు అవసరం రాలేదు.

పాట మొదలైంది. బావ వంతు వచ్చింది. శాక్సఫోన్ ఎత్తాడు, ఊదలేదు. మొహం చూస్తేనే తెలిసిపోయింది. పళ్ల గొడవలో పడి బట్టీ పట్టిందంతా మర్చిపోయాడు. డ్రమ్ములు సాగుతున్నాయి. మాస్టారు తలెత్తి చూసి, తొందరపెట్టకుండా వాయిస్తూ పోయాడు. నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. బావ కళ్లు అక్క మీద ఆగాయి.

అప్పుడు రెండు మూడు స్వరాలు ఊదాడు. మామూలుగా కిందికి దిగాయి. కాసేపాగి అవే మళ్లీ, ఈసారి చివర సాగుతూ. మరికాస్త ఆగాడు. మూడోసారి అవి పైకి లేచి ఠక్కున తెగాయి.

నాకు నవ్వాగలేదు. షెడ్డులో ఎవరికీ తెలియదు గానీ అది అక్షరాలా ‘ఏమండోయ్’. దాని తర్వాత అట్టడుగునుంచి ఒక స్వరం చాలా మెల్లగా వచ్చింది. నేను ఆ ఇంట్లో ఏనాడూ వినని జవాబు అది. మళ్లీ పిలుపు, మళ్లీ జవాబు. పిలుపు కోప్పడింది, విసుక్కుంది, తలుపులు తీసి పెట్టింది. జవాబు ప్రతిసారీ పలికింది, ఒక్కసారి కూడా తప్పించుకోలేదు. మధ్యలో కీచుమంది కూడా. బావ ఆగలేదు. మాస్టారు కళ్లు మూసుకుని వింటున్నాడు.

అక్క నా చెయ్యి పట్టుకుంది. ఎటో చూస్తూ మెల్లగా అడిగింది, తను అంత గట్టిగా అరుస్తుందా అని. లేదన్నాను.

“అబద్ధం” అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ. “అచ్చు నాలాగే ఉంది.”