ఏడ్చినందుకు వేసిన తాళం

మా నాటకం గురించి కాలనీలో అందరూ తలో మాటా అన్నారు. నన్ను మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. హాలుకు తాళం వేసినప్పుడు అడగలేదు. శ్రీరామనవమి పందిరి మీటింగులో అందరికీ చాయ్ ఇచ్చి, నా ముందు నుంచి ట్రే దాటించుకుపోయినప్పుడూ అడగలేదు. అందుకే నేనే చెబుతున్నాను.

మాది చిన్న నాటక బృందం. పగలంతా ఎవరి పని వారిది, సాయంత్రం కలిసి రిహార్సల్ చేసుకోవాలి. అద్దె హాళ్లవాళ్లు మాకూ పెళ్లి రేటే చెబుతారు. చర్చి వెనుక గదిలో కొన్నాళ్లు చేసుకున్నాం. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలయ్యాక ఖాళీ చేయమన్నారు. కానీ కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి చెప్పారు. ఆ మర్యాద మా కాలనీ కార్యదర్శికి తెలియదు. కమ్యూనిటీ హాలు ఆయన చేతిలో ఉంది. ఫంక్షన్లు లేని రోజుల్లో అందులో ఉండేది పావురాలే. అయినా నన్ను నెలంతా ఇంటి చుట్టూ తిప్పుకొని, ఊడ్చుకునే పని మాదేనన్న షరతు మీద తాళంచెవి ఇచ్చాడు.

మా నాటకానికి ఆయువుపట్టు చావు సీను. కొడుకు శవం దగ్గర తల్లి శోకం పెడుతుంది. తల్లి వేషం వేసే ఆమె పవర్‌లూమ్ షెడ్డులో పనిచేస్తుంది. ఆ మరమగ్గాల చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి గట్టిపడిన గొంతు. ఎత్తుకుందంటే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

వినిపించింది. మా దగ్గర శోకం వినబడితే పోయిందెవరని ఆరా తీయరు, ముందు వెళ్లి కూర్చుంటారు. ఎదురింటి ముసలమ్మ హాల్లోకి వచ్చి, మా నటి మెడ చుట్టూ చేతులు వేసి తానూ ఎత్తుకుంది. వెనకే మరికొందరు ఆడవాళ్లు. శవంగా పడుకున్నవాడు కాసేపు ఓర్చుకున్నాడు. ముసలమ్మ మోకాలు తన చేతి మీద పడేసరికి కళ్లు తెరిచాడు.

"పెద్దమ్మా, జర జరుగు. చెయ్యి నలుగుతాంది."

ముసలమ్మ వాడిని తేరిపార చూసింది. "బతికే ఉన్నవా కొడుకా? మరి గింతసేపు నన్నెందుకు ఏడిపిచ్చినవ్?"

"నాటకం పెద్దమ్మా."

"ముందుగాల చెప్పొద్దా? పొయ్యి మీద కూర మాడిపాయె." అంది గానీ కదల్లేదు. గోడకు ఆనుకొని కూర్చుంది. "మల్ల మొదటికెళ్లి చెయ్యుండ్లి, సూస్త."

అక్కడితో అయిపోయేదే. కానీ కార్యదర్శి పూలదండతో వచ్చాడు. దండతో సరిపెట్టలేదు. పెద్దరికం చూపించుకోవాలి కదా, ఎవరు పోయారో కనుక్కోకుండానే వైకుంఠరథానికి ఫోన్ కొట్టాడు. అదీ వచ్చి గేటు ముందు ఆగింది.

"ఎవలు సచ్చిపోయిండ్లు సార్?" అని డ్రైవర్ అడిగాడు.

"ఎవ్వలు సావలే," అన్నాను.

"మరి నన్నెందుకు పిలిశిండ్లు?"

ముసలమ్మ కార్యదర్శి వైపు చెయ్యి చూపింది. "పిలిశినాయన్నే ఎక్కిచ్చుకొని పో బిడ్డా. ఉత్త బండి ఎందుకు తిరిగిపోవాలె?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మర్నాటికి హాలుకు కొత్త తాళం పడింది. "శుభకార్యాలు చేసుకునే జాగల శోకాలు పెడ్తరా? ఇగ నాటకాలు బంద్," అన్నాడట కార్యదర్శి. నాతో కాదు, మా పక్కింటాయనతో. అదే హాల్లో పెద్దకర్మల భోజనాలూ వడ్డిస్తారు. అక్కడ ఏడ్చినవాళ్లను ఎవరూ వెళ్లగొట్టలేదు. ఆయనకు గుచ్చుకున్నది మా ఏడుపు కాదు, జనం నవ్వు.

ఇప్పుడు ఎనుమాముల మార్కెట్ దగ్గర తెలిసినవాళ్ల మిర్చి గోదాములో చేసుకుంటున్నాం. బస్తా కదిలితే చాలు, గాలి ఘాటెక్కుతుంది. హాస్యం సీనులో కూడా అందరం కళ్లు తుడుచుకుంటున్నాం. తల్లి వేషం ఆమెకు దగ్గు పట్టుకుంది. నిన్న శోకం సగంలో ఉండగా గొంతు పూడుకుపోయింది.

"అన్నా, ఇంకొన్ని దినాలు గీడనే చేస్తే నాకు మాటే రాదు. షెడ్డుల సైగలతోని నెట్టుకొస్త. స్టేజీ మీద ఏం జెయ్యాలె?" అని అడిగింది. ఆ శోకం మాలో ఇంకెవరికీ రాదు. ఆమె మానేస్తే నాటకం లేదు.

ఈ పొద్దున మళ్లీ కార్యదర్శి ఇంటికి వెళ్లాను. "సారు తానం చేస్తాండు," అని గేటు దగ్గరే ఆపేశారు. సారు కిటికీ పక్కన కూర్చొని పేపర్ చదువుకుంటున్నాడు.

కార్యదర్శి గారూ, ఆ హాలు కాలనీది. సాయంత్రాలు మాకు తెరుస్తారా, తెరవరా? పక్కింటాయనతో కాదు, నాతో చెప్పండి. ఆమె గొంతు పూర్తిగా పోకముందే చెప్పండి.