ఎనిమిదో కుర్చీ

ఈ ఊళ్లో గొడుగులు బాగుచేసే ఆయన ఒకే సాయంత్రం, ఒకే గంటలో, రెండు గదుల్లో కూర్చున్నాడు. కింద నాలుగో నంబరు గదిలోనూ ఆయనే, పై అంతస్తులో పదకొండో నంబరు గదిలోనూ ఆయనే. నమ్మనివాళ్లు కాలేజీకి వెళ్లి హాజరుపట్టీలు తీయించి చూసుకోవచ్చు. రెండింట్లోనూ అదే తేదీ, అదే సిరా, తోక మెలితిరిగిన అదే సంతకం. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లకే ఒక గదిలో కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఆరో తరగతితో బడికో దణ్ణం పెట్టేసిన మనిషి రెండు గదులు ఏలాడంటే మాటలా?

ఆ కాలేజీలో పగలు పిల్లలు చదువుకుంటారు. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా అవే బెంచీల్లో పెద్దవాళ్లు మోకాళ్లు ఇరికించుకుని కూర్చుంటారు. కుండలు చేయడం, ప్రథమ చికిత్స, పరాయి భాషలు, నక్షత్రాలు చూడటం, ఎవరికి తోచింది వాళ్లు. మొదటి వారం అందరూ కొత్త నోటుపుస్తకంతో, కొత్త పెన్నుతో దిగుతారు. రెండో వారానికి ఒకరికి నడుం పట్టేస్తుంది, ఒకరింటికి చుట్టాలొస్తారు. మూడో వారం ఆఫీసు గుమాస్తా ఒకావిడ చంకలో రిజిస్టరు పెట్టుకుని గదిగదికీ తిరిగి తలలు లెక్కపెడుతుంది. ఎనిమిది తలలుంటే ఆ క్లాసు ఏడాది పొడుగునా నడుస్తుంది. ఏడుంటే మర్నాటికి మూత.

ఆ ఎనిమిదో తల పద్దెనిమిదేళ్లుగా మన గొడుగులాయనది.

అది ఎలా మొదలైందంటే, భార్య పోయిన ఏడాది, వానలు వెనకపట్టాక, కొట్లో పనిలేక, ఇంట్లో పలికేవాళ్లు లేక, ఆయన చేతిలో ఒక విరిగిన గొడుగు ఊచ పట్టుకుని వీధికేసి చూస్తూ కూర్చునేవాడు. కుండల టీచరు గొడుగు తీసుకుపోవడానికి వచ్చి ఆ వాలకం చూసింది. ఇక్కడ ఊరికే కూర్చునేదేదో మా గదిలో కూర్చోండి, ఒక తల తక్కువైంది అంది. ఆయన వెళ్లి కూర్చున్నాడు. క్లాసు నిలబడింది. ఆ కబురు స్టాఫు రూములో పాకి, ఆ మర్నాటి నుంచి టీచర్లు ఆయన కొట్టు ముందు బారులు తీరారు. కాలేజీలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎనిమిదోగారు అంటారు.

శిశు సంరక్షణ క్లాసులో ఆయన రబ్బరు బొమ్మకి స్నానం చేయించి జోకొడితే ఆ బొమ్మ ఆవులించిందంటారు. అలంకరణ క్లాసుకి మొహం అరువిచ్చి, ఇంటికొచ్చి అద్దంలో ఎవరో గొప్పింటావిడ కనపడితే లేచి నిలబడ్డాడంటారు. ఒక పరాయి భాషలో మొదటి పాఠం ఏడుసార్లు చదివాడు. స్టేషను ఎటండీ అని ఆ భాషలో దొరలా అడగగలడు. ఎటో వాళ్లు చెబితే మాత్రం అర్థం కాదు.

ఎందుకంటే ఏ క్లాసులోనూ ఆయన నాలుగో వారం కూర్చోలేదు. లెక్క అయిపోయాక ఎనిమిదో మనిషితో పనేముంది? అప్పటికే ఇంకో టీచరు ఇంకో రోజుకి పిలిచి ఉంటుంది. అందుకని ఆయనకి మట్టి పిసకడం వచ్చు, కుండ కాల్చడం రాదు. కట్టు కట్టడం వచ్చు, విప్పడం రాదు. ఏ నక్షత్రం ఎక్కడ పొడుస్తుందో తెలుసు, ఎటు వాలిపోతుందో తెలియదు. మానేసిన ఏ క్లాసు నుంచీ ఎవరూ ఆయన కోసం కబురు పంపలేదు. రాలేదేమని అడిగినవాళ్లూ లేరు.

ఆయనకో అక్క ఉంది. పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఒక్కేళ్లు టెలిఫోను ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరయ్యాక వచ్చి, కొట్టు మీది రెండు గదుల్లో తమ్ముడితోపాటు ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు అవతలివాళ్లు హలో అనకముందే, ఊపిరి పీల్చిన తీరుని బట్టి ఎవరో చెప్పేసేదట. ఆ చెవులే ఇప్పుడు ఆవిడకి ఎదురుతిరిగాయి. మొదట వాన చప్పుడు పోయింది. తర్వాత కుక్కరు కూత. ఆ పైన మాటల చివర్లు. ఏం కూర వండమంటావని తమ్ముడు అడిగితే ఎల్లుండి వెళదాంలే అని జవాబిచ్చేది. చెవికి మిషను పెట్టించుకుంటే గోల పెద్దదైంది కానీ మాట పెద్దది కాలేదు. దాన్ని తీసి బొత్తాల డబ్బాలో పడేసింది.

నెమ్మదిగా ఆవిడ నలుగురిలోకి వెళ్లడం మానేసింది. పక్కింటివాళ్లు వస్తే పని ఉన్నట్టు లోపలికి పోయేది. ఎవరైనా నవ్వితే కాస్త ఆలస్యంగా తనూ నవ్వేది. ఆ ఆలస్యం చూసినప్పుడల్లా తమ్ముడు మొహం తిప్పుకునేవాడు. ఇంకో ఏడాదికి ఈ కాస్తా పోతుందనీ, ఉన్న వినికిడి ఆసరాతోనే ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకోవాలనీ, ఆలస్యమైతే ఈ వయసులో పట్టుబడదనీ డాక్టరు ఇద్దరికీ కాగితం మీద రాసి చూపించాడు.

ఆ ఏడాదే కాలేజీలో సరిగ్గా అదే క్లాసు పెట్టారు, మొట్టమొదటిసారి. నేర్పేది పన్నెండేళ్ల వయసులో చెవులు పోయిన టీచరమ్మ. మంగళవారం, నాలుగో నంబరు గది. అక్కతో కలిపి చేరినవాళ్లు ఏడుగురు. అక్క ఆ క్లాసు కాగితం తెచ్చి తమ్ముడి పళ్లెం పక్కన పెట్టింది.

"ఒరేయ్, ఊరందరికీ ఎనిమిదోవాడివిగా. నాకూ ఉంటావా?"

ఇన్నేళ్లలో ఆవిడ ఆయన్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆయన తలూపాడు. ఊపాక, కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. ఎందుకంటే అదే మంగళవారం, అదే ఆరున్నరకి, పదకొండో నంబరు గదిలో పుస్తకాల బైండింగు క్లాసుకి నెల కిందటే మాటిచ్చి ఉన్నాడు. ఆ బైండింగు మాస్టారు ముసలాయన, చేతులు వణుకుతాయి. ఇదే ఆఖరేడు అని చెప్పి మరీ అడిగాడు. అక్కడా ఏడుగురే.

ఒక్కచోట రానని చెప్పేస్తే పోయేది. కానీ కాదు అనే మాట మన ఎనిమిదోగారి నోట పుట్టలేదు. ఎవరడిగినా సరే అనడం ఒక్కటే ఆ మనిషికున్న గొప్ప. దాన్ని పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. పైగా గుమాస్తా ఆవిడ పద్ధతి ఆయనకి కొట్టినపిండి. నాలుగో గదికి ఏడుంబావుకి వస్తుంది, మెట్లెక్కి పదకొండో గదికి చేరేసరికి ఏడూ నలభై. మధ్యలో ఇరవై అయిదు నిమిషాలు. ఆ సందులోంచి ఏనుగుని కూడా దాటించొచ్చు అనుకున్నాడు.

మొదటి రెండు వారాలూ దర్జాగా దాటించాడు. ఆరున్నరకి నాలుగో గదిలో అక్క పక్కన కూర్చుని సంతకం పెట్టడం, కుర్చీ మీద తన గొడుగు ఉంచి మంచినీళ్లు తాగొస్తానని సైగ చేసి వెనక మెట్ల మీదుగా పైకి పరిగెత్తడం, అక్కడ సంతకం పెట్టి కాసేపు జిగురు రాసి మళ్లీ కిందికి దిగడం. ఇన్ని మంచినీళ్లు తాగుతున్నావు, షుగరేమో చూపించుకో అంది అక్క. పైన ఇంకో గది ఉందని ఆవిడకి చెప్పలేదు.

రెండు వారాలకే ఆవిడలో మార్పు వచ్చింది. టీచరమ్మ మొదటి పాఠంలో చెప్పినట్టు, మాట్లాడేవాళ్ల మొహమ్మీద వెలుతురు పడేలా వాళ్లని కిటికీ వైపు తిప్పి నిలబెట్టేది. పాలాయన్ని భుజం పట్టుకుని తిప్పేసరికి ఆయన చెంబు జారవిడిచాడు. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒక్కలాగే ఉంటాయని, ఏది ఏదో మాట నడకని బట్టి ఊహించుకోవాలని తమ్ముడికి పాఠం చెప్పింది. రెండేళ్లలో మొదటిసారి పక్కింటావిడతో గుమ్మంలో నిలబడి ఒక పూట మాట్లాడింది. సగం తప్పు పట్టుకుందనుకోండి. అయినా నవ్వు మాత్రం ఆ పూట ఆలస్యం కాలేదు.

మూడో వారం వచ్చింది.

ఆ సాయంత్రం ఆయన ఎప్పటిలాగే అక్క పక్క కుర్చీలో గొడుగు ఉంచి పైకి వెళ్లాడు. బైండింగు మాస్టారు ఆ రోజు కుట్టు మొదలుపెట్టాడు. మడతపెట్టిన కాగితాల కట్టలు ఒకదాని మీదొకటి పేర్చి, మైనం రాసిన దారంతో వెన్ను దగ్గర కలిపి కుట్టాలి. అందరూ సూది గుచ్చుకుని అమ్మో అంటున్నారు. గొడుగులాయన దారం అందుకున్నాడు. ఏళ్ల తరబడి ఊచకి గుడ్డ కుట్టిన చేతులవి. రెండో కట్టకే కుట్లన్నీ గీత గీసినట్టు వచ్చాయి. మాస్టారు అది తీసుకుని, కళ్లద్దాలు పైకెత్తి, గది మొత్తానికీ చూపించాడు.

"నలభై ఏళ్లు నేర్పానండీ. చేయి అంటే ఇదీ. ఇన్నాళ్లూ ఎక్కడున్నారు మీరు?"

ఆయన ఏ గదిలోనూ ఇంతవరకూ తలే తప్ప చేయి కాలేదు. చెవులు వేడెక్కాయి. మూడో కట్ట అందుకున్నాడు, నాలుగోది అందుకున్నాడు. తర్వాతి కుట్టు ఎలా తిరుగుతుందో తెలుసుకోవాలనిపించింది. అలా తెలుసుకోవాలనిపించడం పద్దెనిమిదేళ్లలో అదే మొదలు. గోడ మీద గడియారం ఎదురుగానే ఉంది. తలెత్తలేదు.

కింద నాలుగో గదిలో జరిగింది ఆయనకి తర్వాత గుమాస్తా ఆవిడే చెప్పింది. ఏడుంబావుకి ఆవిడ గుమ్మంలో నిలబడి ఏడు తలలు లెక్కపెట్టింది. ఎనిమిదో కుర్చీలో గొడుగుంది. అది ఎవరిదో ఆవిడకి తెలుసు, ఆవిడ గొడుగూ ఆయన బాగుచేసిందే. అందుకే లెక్క రాయబోతూ ఆగి, ఈయన ఉన్నారా, వస్తారా అని అడిగింది. అడిగేటప్పుడు తల వంచుకుని రిజిస్టరులోకి చూస్తూ అడిగింది. ఊళ్లో ఇంకే గదిలో అలా అడిగినా ఎవరో ఒకరు పలికేవాళ్లు. ఆ గదిలో ఆవిడ పెదవులు ఎవరికీ కనపడలేదు. టీచరమ్మ వీపు తిప్పి బోర్డు మీద రాస్తోంది. అక్క మర్యాదగా నవ్వింది. ఆవిడ రెండోసారీ అడిగింది, మళ్లీ తల వంచుకునే. ఎవరూ పలకలేదు. ఏడు అని రాసుకుని వెళ్లిపోయింది.

పదకొండో గదికి ఏడూ నలభైకి వచ్చింది. ఆయన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అక్కడ తొమ్మండుగురున్నారు. చేరినవాళ్లలో ఒకావిడ ఆ రోజు తన ఆడపడుచుని వెంటబెట్టుకొచ్చింది. ఆయన లేకపోయినా ఎనిమిది తలలు ఉండేవి.

సూది వేళ్ల మధ్య అలాగే ఉంది. ఆయన గడియారం చూశాడు. మెట్లు ఎలా దిగాడో గుర్తులేదు. లెక్క ముగించుకుని కిందికి దిగిన గుమాస్తా ఆవిడని కారిడార్లో పట్టుకుని నేను ఉన్నాను కదండీ, గొడుగు ఉంది కదండీ అన్నాడు. ఆవిడకీ బాధగానే ఉంది.

"నేను తలలు లెక్కపెడతానండీ. గొడుగులు లెక్కపెట్టను."

మర్నాడు ఆఫీసుకి వెళ్లి బతిమాలాడు. కాగితం ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్లిపోయిందన్నారు. ఆ మర్నాడు మళ్లీ వెళ్లాడు. గది టైపు క్లాసుకి ఇచ్చేశామన్నారు. వచ్చే ఏడు చూద్దామన్నారు. టీచరమ్మ వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని ఆ నెలలోనే వెళ్లిపోయింది.

ఆ రోజు ఎక్కడికి పోయావని అక్క ఒక్కసారి అడిగింది. ఆయన పొట్ట పట్టుకుని, కడుపులో తిప్పిందని సైగ చేశాడు. అంత బాగోకపోతే ఇంట్లోనే ఉండాల్సింది, నా కోసం లేచి రావడమెందుకని నిమ్మకాయ నీళ్లు కలిపిచ్చింది. ఆ గ్లాసు ఆయన చివరి చుక్క దాకా తాగాడు.

వానాకాలం వచ్చేసరికి మిగిలిన వినికిడీ పోయింది. నేర్చుకున్న మూడు పాఠాలతో ఆవిడ కొన్నాళ్లు అందరి పెదవుల వంకా చూసింది. తర్వాత చూడటం మానేసి నేల వంక చూడటం మొదలుపెట్టింది. పక్కింటావిడ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేది.

గొడుగులాయన ఇంకే టీచరు పిలిచినా వెళ్లలేదు. పదకొండో గదికి మాత్రం ఏడాది పొడుగునా వెళ్లాడు. ఇంట్లో నోటుపుస్తకాల అవసరం పడింది. అక్కతో ఏం చెప్పాలన్నా రాసి చూపించాలి. బజార్లో దొరికేవి వారానికే చీలికలైపోతున్నాయి. తను కుట్టినవి ఊడవు. ఏం కూర, ఎవరొచ్చారు, ఎవరు పోయారు, గ్యాసు అయిపోయింది, అన్నీ ఆ కుట్టిన పుస్తకాల్లోనే. ఏడాదికి పదకొండు నిండాయి. ఆ పదకొండింట్లోనూ ఒక మంగళవారం సంగతి లేదు.

చివరి రోజు బైండింగు మాస్టారు పగటిపూటే చిన్న సభ పెట్టాడు. ఇంటివాళ్లనీ రమ్మన్నారు. పుస్తకం అందుకోవడానికి గొడుగులాయన లేచి నిలబడగానే మాస్టారికి హుషారొచ్చింది. ఆ పాత హాజరుపట్టీల కథ ఎలాగో మాస్టారి చెవిన పడింది. ఈయన సామాన్యుడు కాడు, ఒకే గంటలో రెండు గదుల్లో కూర్చున్న మొనగాడు అని మొదలుపెట్టి, పైనుంచి కిందికి మెట్లు దిగకుండానే దిగేవాడని దానికో తోక తగిలించాడు. గదంతా ఘొల్లుమంది. ముందు వరసలో అక్క, అందరి మొహాలూ చూసి, కాస్త ఆలస్యంగా నవ్వింది. ఏమిటట అన్నట్టు తమ్ముడి వైపు చేయి తిప్పింది.

నోటుపుస్తకం ఆయన చేతిలోనే ఉంది, కొత్తది, తనే కుట్టింది. తెరవలేదు. అక్కకి ఎదురుగా వచ్చి, వెలుతురు మొహమ్మీద పడేలా కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. మొదటి పాఠంలో చెప్పినట్టు, గట్టిగా కాకుండా, నెమ్మదిగా, ఒక్కో మాటా విడిగా పలికాడు.

"రెండు గదుల్లో కాదక్కా. ఒక్క గదిలోనే కూర్చున్నాను. అది నీ గది కాదు."