గాలి పరదా

ఒకవైపు ఎప్పటికీ పగలే, రెండోవైపు ఎప్పటికీ రాత్రే ఉండే గ్రహాల మీద ప్రాణి బతుకుతుందా అని మొన్న నా మనవరాలు బడి పుస్తకం ఒళ్లో పెట్టుకుని అడిగింది. ఎండవైపు రాళ్లు కూడా కాగిపోతాయట, చీకటివైపు అంతా గడ్డకట్టి ఉంటుందట, రెంటికీ నడుమ ఉన్న సన్నటి అంచు మీద మాత్రం బతకవచ్చునేమోనని అందులో రాశారట. నాకెందుకో ఒళ్లు మండింది. ఆ అంచు మీద నిలబడ్డవాణ్ణి అడిగి రాశారా అని కసురుకున్నాను. పాపం, పిల్ల బిక్కమొహం వేసుకుని నాయనమ్మ దగ్గరికి పోయింది.

మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, బాలానగర్‌లో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే మాలాంటి మెకానిక్కులం రాయదుర్గం వైపు పోయి గాజు మేడల్లో చేరిన కాలం అది. నాకు ఏసీ ప్లాంటు అప్పజెప్పారు. గంటగంటకూ అంతస్తులన్నీ తిరిగి ఎక్కడ ఎంత చల్లగా ఉందో పుస్తకంలో ఎక్కించాలి. నడి ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుని తిరిగేవాణ్ణి, అదొక హోదా అనుకునేవాణ్ణి కూడా. తలుపు బయట ఎంత వేడిగా ఉందో రాయడానికి మాత్రం ఆ పుస్తకంలో గడి లేదు. అక్కడ సెక్యూరిటీ గార్డుగా మా బామ్మర్ది ఉండేవాడు. పాలమూరు నుంచి వాణ్ణి పిలిపించి ఆ పనిలో పెట్టించింది నేనే.

మా మేడ పడమటి ముఖం. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా కొట్టేది చాలదన్నట్టు గాజుకు తగిలి మళ్లీ తలుపు బయట నిలబడ్డ బామ్మర్ది మీదే పడేది. తలుపు సరిగ్గా మూసుకోక జానెడు సందు ఉండేది, అందులోంచి వచ్చే చల్లగాలికి వీపు ఆనించి వాడు పొద్దు గడిపేవాడు. లోపలికి వేడి వస్తోందని మేనేజర్ నన్ను పిలిచి గట్టిగా అడిగాడు. తలుపు నెత్తిన ఒక మిషను బిగించాను. అది పైనుంచి కిందికి జోరుగా గాలి కొడుతుంటే లోపలి గాలి బయటికి పోదు, బయటి గాలి లోపలికి రాదు. మేం దాన్ని గాలి పరదా అనేవాళ్లం. ఆ రోజు మేనేజర్ భుజం తడితే నేను పొంగిపోయాను. ఇక వీపుకు చల్లగాలి తగలక బామ్మర్ది రెండు మెట్లు దిగి నిలబడ్డాడు.

మూడో అంతస్తులో అనంతపురం ఇంజనీరు ఒకాయన ఉండేవాడు, చుక్కల పిచ్చి మనిషి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వేడిలో ఏ ఊరివాళ్లు ఆ ఊరివాళ్లుగా విడిపోయి అన్నాలు తినే రోజుల్లో కూడా మేమిద్దరం కలిసి టీ తాగడం మానలేదు. ఇటువంటి గ్రహాల సంగతి మొదట నాకు చెప్పింది ఆయనే. మన బిల్డింగు కూడా గంతేగద సార్ అని నేను నవ్వితే ఆయన నవ్వలేదు. "గాలి అటూ ఇటూ తిరగల్లన్నా. ఆ పక్క వేడి ఈ పక్కకు మోసుకొస్తేనే ఏదన్నా బతుకుతాది" అన్నాడు. ఆయన గ్రహం సంగతే చెప్పాడు, నేనే టీ సగంలో వదిలేసి లేచాను.

తర్వాత కొన్నాళ్లకే, నిప్పులు చెరుగుతున్న ఎండల్లో బంద్ వచ్చింది. లోపలివాళ్లను తెల్లవారకముందే తెచ్చి కూర్చోబెట్టారు. బస్సులు లేక మధ్యాహ్నం గార్డు రాలేదు, పొద్దుటి నుంచి ఉన్న బామ్మర్దే అక్కడ ఉండిపోయాడు. మూడు గంటలప్పుడు వాడు నాకు ఫోన్ చేశాడు. "బావా, తల తిరుగుతున్నది, జర లోపల కూసుంట" అన్నాడు. మేనేజర్ కింద తిరుగుతున్నాడు. పిలిచి కూర్చోబెడితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని భయపడ్డాను. "ఇంకొక్క గంట ఓపిక పట్టు" అన్నాను. గంట కాకముందే పడిపోయాడు. రోడ్ల మీద రాళ్లూ టైర్లూ దాటుకుని దవాఖానకు చేరేసరికి ప్రాణం లేదు.

ఆఫీసువాళ్లు మా మనిషి కాదు, ఏజెన్సీ మనిషి అన్నారు. ఊళ్లోవాళ్లు బంద్ నాడు పోయాడు గనక రాష్ట్రం కోసమే పోయాడన్నారు, జెండా కప్పారు, నినాదాలు ఇచ్చారు. నేను తల వంచుకుని పాడె మోశాను. ఆ మాట నాకు అక్కరకొచ్చింది. సిగ్గులేకుండా దాని చాటున దాక్కున్నాను.

ఇప్పుడు ఆ మేడ ముందు గార్డుకు చిన్న ఏసీ గది కట్టారు, రాష్ట్రమూ వచ్చింది. వాడు పోయిన రోజున మా ఇంటిది తమ్ముడి ఫొటోకు దండ వేసి, మనవరాలికి వాడి కథ గర్వంగా చెప్పుకుంటుంది. చెప్పడం అయ్యాక ఏటా నావైపు తిరిగి అదే మాట అడుగుతుంది: "నువ్వు లోపల్నే ఉంటివి గదా, వానికి నీకు ఒక్క ఫోన్ చెయ్యాల్నని తోచలేదా?"

తోచలేదేమో అంటాను.